రేసుకుక్కల మూడో పోరు

అనగనగా ఎర్రమట్టి కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో నలభై రేసుకుక్కల మంద ఒకటి ఉండేది. రేసుకుక్కలంటే మన వీధికుక్కల్లాంటివి కావు, పిల్లలూ. ఒళ్లు ఇటుక రంగు, తోక చివర నల్లటి కుచ్చు. ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటాయి. అన్నీ కలిసి తరిమితేనే వాటికి దుప్పి దొరుకుతుంది.

ఆ మందకు ఒక పాత కట్టుబాటు ఉండేది. అందరూ వేటకు వెళ్లినా ఒకరిద్దరు బొరియల దగ్గర కూనలకు కాపలా ఉండాలి. మాంసం దొరికాక పరుగెత్తినవాళ్లకూ, కాపలా ఉన్నవాళ్లకూ, కుంటివాళ్లకూ, ముసలివాళ్లకూ అందరికీ వాటా.

ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. దుప్పులు తగ్గాయి. అప్పుడు మందలోకెల్లా వేగంగా పరుగెత్తే మోదుగు లేచి నిలబడ్డాడు.

"ఊపిరి తెగేలా పరుగెత్తేది మేము. నీడన కూర్చుని తినేది వీళ్లు. ఇకమీద పరుగెత్తినవాళ్లకే తిండి!" అన్నాడు.

వాడి అక్క పేరు జాజి. అందరూ జాజక్క అనేవారు. ఆమెకు ఒళ్లు మండింది.

"ఒరే తమ్ముడూ, నువ్వు కళ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు నీ పక్కన కాపలా కూర్చున్నది ఎవర్రా? ఈ సోమక్క కాదూ?"

"అప్పటి సంగతి అప్పటిది. ఇప్పుడు ఆవిడకి పనిచేసేవి మూడు కాళ్లేగా!" అన్నాడు మోదుగు. కుర్రకారంతా పకపకా నవ్వారు.

కుంటి సోమక్క ఊరుకుంటుందా? "నా మూడు కాళ్లూ కాదు నాయనా, నాలుగున్నా నీ నోటితో సమానంగా పరుగెత్తలేనులే" అంది.

మాట మీద మాట పెరిగింది. మంద రెండుగా చీలింది. మోదుగు పరుగుగాళ్లలో చాలామందినీ, వాళ్ల కూనల్నీ తీసుకుని వాగు అవతలికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ, "అడవిలో వేటంతా మాదే. అడ్డొచ్చినవాళ్ల గొంతు పట్టుకుంటాం" అన్నాడు.

ఒకే ఇంటివాళ్లు, ఒకే దేశంవాళ్లు తమలో తాము చేసుకునే యుద్ధాన్ని అంతర్యుద్ధం అంటారు, పిల్లలూ. అందులో ఎదుట నిలబడ్డవాడి ముఖం మనకు ముందే తెలిసి ఉంటుంది. ఆ యుద్ధానికి అదే పెద్ద బాధ.

మొదటి పోరు ఉప్పునేల దగ్గర జరిగింది. దుప్పులు ఉప్పుమట్టి నాకడానికి వచ్చే చోటది. చుట్టూ చెట్టు లేని బయలు. మోదుగు మంద గాలిలా వచ్చి జాజక్క మందను చుట్టేసింది. వీళ్లు ఇటు కరవబోతే వాళ్లు అటు తప్పుకున్నారు, అటు తిరిగితే ఇటు కరిచారు. జాజక్కవాళ్లు నెత్తురోడుతూ ఇంటిదారి పట్టారు.

"ఏం సోమక్కా, కాళ్లు నొప్పులా?" అని వెనక నుంచి వెక్కిరింపులు.

ఆ రోజు జాజక్క తిండి ముట్టలేదు. సోమక్క వచ్చి పక్కన కూర్చుంది.

"జాజీ, మనం వాళ్లలా పరుగెత్తలేం. అది నిజం. కానీ నిలబడగలం. నిలబడితే సరిపోయే చోటు ఎక్కడైనా ఉందేమో చూడు" అంది.

జాజక్క కళ్లు మెరిశాయి. అలాంటి చోటు ఉంది! వాగు రేవులో రెండు పెద్ద బండలున్నాయి. వాగు దాటి ఇటు రావాలంటే వాటి మధ్య సందే దారి, అందులో ఒక్కసారికి ఇద్దరే పడతారు.

రెండో పోరు అక్కడ జరిగింది. ముసలివాళ్లూ, కుంటివాళ్లూ ఆ సందులో భుజానికి భుజం ఆనించి నిలబడ్డారు. ముందువాళ్లు అలిసిపోతే వెనకవాళ్లు ఆ చోట్లోకి వచ్చారు. మోదుగు మంద మూడుసార్లు విరుచుకుపడింది. మూడుసార్లూ వెనక్కి తగ్గింది. ఇద్దరే పట్టే సందులో వేగం ఏం చేస్తుంది? మిట్టమధ్యాహ్నానికి పరుగుగాళ్ల నాలుకలు బయటికి వేలాడాయి. వాళ్లు వెనుదిరిగారు.

అందరూ పనికిరారన్నవాళ్లే ఆ రేవును కాపాడారు. యుద్ధం అక్కడే మలుపు తిరిగింది. వాళ్లను తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆ గెలుపు ఊరికే రాలేదు. జాజక్క వైపున్న చురకయ్య అనే పడుచు కుక్క తండ్రి ఆ రేవులోనే ప్రాణం విడిచాడు.

మర్నాడు పొద్దున్నే పోరు ముగించడానికి జాజక్క మంద వాగు దాటింది. మోదుగువాళ్లు రెండు రోజుల ఆకలితో దూరపు కొండకు వేటకు పోయారు. వాళ్ల బొరియలున్న గుట్ట మీద కాపలాకు ఒక్కరూ లేరు. ఏడు కూనలు మాత్రం ఉన్నాయి, డొక్కలు ఎండిపోయి.

చురకయ్య వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"జాజక్కా, మా నాన్నను చంపినవాళ్ల కూనలివి. రేపు పెరిగి మన గొంతులే పట్టుకుంటాయి. ఇవాళే ముగించేద్దాం!"

"అవును, ముగించేద్దాం!" అన్నారు వెనకవాళ్లు.

ఇంతలో అడుగుల చప్పుడు విని ఏడు కూనలూ దొర్లుకుంటూ పరుగెత్తుకొచ్చాయి. రేసుకుక్కలు తిన్న మాంసాన్ని పొట్టలో దాచుకుని ఇంటికి తెస్తాయి. కూనలు మూతి నాకితే దాన్ని పైకి తెచ్చి పెడతాయి. కూనలకు యుద్ధం సంగతి ఏం తెలుసు? జాజక్క మూతి నాకాయి. చురకయ్య మూతీ నాకాయి.

జాజక్క ఆ ఎండిన డొక్కల వంక చూసింది. తర్వాత అడిగింది.

"చురకయ్యా, మీ నాన్న ఏ మాట కోసం ఆ సందులో నిలబడ్డాడు?"

"పరుగెత్తలేనివాళ్లకీ తిండి పెట్టాలని."

"మరి వీళ్లు పరుగెత్తగలరా?"

జాజక్క తల వంచి బయల్దేరేముందు తిన్నదంతా కూనల ముందు పెట్టింది. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్లూ పెట్టారు. చురకయ్య దవడకు ఒక ఆడకూన వేలాడుతోంది. "పోవే అవతలికి!" అన్నాడు. అది పోలేదు. చివరికి వాడూ తల వంచాడు.

అప్పుడే గాలిలో వాసన పసిగట్టి మోదుగు రొప్పుతూ వచ్చాడు. వెనకే వాడి మంద.

"అక్కా! నన్ను చంపెయ్. వాళ్లను మాత్రం..." అంటూ ఆగిపోయాడు. కూనల మూతులకు మాంసం అంటుకుని ఉంది.

"కాపలాకి ఎవర్నీ ఉంచలేదేంరా?" అంది జాజక్క.

మోదుగు తల దించుకున్నాడు. "కాపలా ఉన్నవాడికి తిండి లేదన్నాను కదక్కా. ఎవరుంటారు?"

"అయితే ఇవాళ నువ్వుండు. మీవాళ్లూ మావాళ్లూ కలిసి వేటకి వెళ్లొస్తాం."

ఆ పూటంతా మోదుగు బొరియల ముందు కూర్చున్నాడు. కూనలు వాడి చెవులు కొరుకుతుంటే ఉలకలేదు, పలకలేదు. సాయంత్రానికి రెండు మందలూ ఒక్కటిగా దుప్పిని పట్టి తిరిగొచ్చాయి.

చురకయ్య గుట్ట ఎక్కి వచ్చాడు. మోదుగు ముఖం వైపు చూడలేదు. కాపలా ఉన్నవాడి వాటా మాత్రం తెచ్చి వాడి ముందు పెట్టాడు.

నీతి: గెలిచిన రోజున ఓడినవారి పిల్లల ఆకలి తీర్చగలిగినవారే యుద్ధాన్ని నిజంగా ముగిస్తారు.