పూడ్చిన చెలమ

ఎండలకి వాగు ఎండిపోయింది. నడి ఇసుకలో ముంగిస ఒక చెలమ తవ్వింది. ఎవరైనా తాగొచ్చు. రూలు ఒక్కటే: తాగినవాళ్ళు రెండు గుప్పిళ్ళ ఇసుక తోడి బయట పోసి వెళ్ళాలి. లేకపోతే తెల్లారేసరికి ఊట పూడిపోతుంది.

ఒకరోజు నక్క వచ్చింది. ఎగువన ఏనుగుల మడుగు దగ్గర పెత్తనమంతా దానిదే.

"ఏం ముంగిసా, ఇంకా ఇసుకేనా? గోళ్ళు చూడు, ఎట్లా అరిగిపోయాయో! అందర్నీ తీసుకుని మడుగుకి వచ్చెయ్. బోలెడు నీళ్ళు, ఏనుగుల కాపలా. ఈ గుంట మాత్రం పూడ్చెయ్."

ముంగిసకి ఆశ పుట్టింది. పోయిన వారమే ఈ చెలమ దగ్గర చిరుతపులి ఒక జింకపిల్లని ఎత్తుకుపోయింది. ఒక్కత్తీ ఎంతకని కాపలా కాస్తుంది?

"వస్తాం. పూడ్చడం ఎందుకూ?"

"రెండు చోట్లెందుకమ్మా? నామీద నమ్మకం లేదా?"

"లేదు" అంది ముళ్ళపంది పిన్ని పక్కనుంచి.

"పదిరోజులు వచ్చి చూస్తాం. రోజూ ఒకళ్ళు వచ్చి తోడతాం, చెలమ ఇట్లాగే ఉంటుంది" అని తేల్చేసింది ముంగిస.

అందరూ మడుగు దగ్గరున్నప్పుడు నక్క చాటుగా వాగులోకి దిగింది. చెలమ నిండా ఇసుక నెట్టి, తొక్కి, చదును చేసేసింది. మర్నాడు మడుగు దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూచుంది.

"మీ చెలమ పూడిపోయిందట, పాపం! ఇక ఇదే దిక్కు. తలకో పీత తెచ్చిస్తేనే లోపలికి."

కుందేలు బావురుమంది. "నాకు పీతలు పట్టడం రాదే!"

"ఇసుక తోడటం వచ్చుగా?" అంది ముంగిస.

కుందేలు ఏడుపు ఆపేసింది. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని వాగులోకి దిగారు. పూడిన చెలమ మీద నిండా నక్క అడుగులే! తడి ఎక్కడుంటుందో, అంచు కూలకుండా ఎంత వెడల్పు తవ్వాలో రోజూ తోడితోడి అందరికీ తెలుసు. మధ్యాహ్నానికి పదకొండు చెలమలు!

సందడి విని ఏనుగమ్మ వచ్చింది. సంగతంతా విని నక్క వైపు తిరిగింది.

"నా మడుగు దగ్గర పీతలు అడిగావా?"

"అంటే... క్రమశిక్షణ కోసమని..."

"మాట్లాడకు. ఇక మడుగు వైపు రాకు." ముంగిసతో అంది: "మడుగుకి రండమ్మా, ఎవరూ ఆపరు. చెలమలు మీవే. మావాళ్ళు ఇక్కడికీ కాపలా వస్తారు."

"అయితే చేరతాం" అంది ముంగిస. ఏనుగమ్మ ఒక చెలమలో నీళ్ళు తాగి, అడక్కుండానే తొండంతో ఇసుక తోడి పోసింది.

నక్క నాలిక ఎండిపోయి మెల్లగా దగ్గరికొచ్చింది.

"రెండు గుప్పిళ్ళు, బావా!" అంది ముళ్ళపంది పిన్ని. "పూడ్చినవాళ్ళకైతే పదకొండు చెలమల్లోనూ."

నీతి: పెద్దవాళ్ళతో చేరినా పర్లేదు, సొంతంగా తవ్వుకోవడం మాత్రం మానకూడదు.