చార్టులో పై గీత

2018 జూన్ 10, ఆదివారం. తెల్లవారుజామున తొలకరి జల్లు ఒకటి పడి వెలిసింది, తొమ్మిదింటికల్లా మబ్బు పలచబడి ఎండ పొడ తగిలింది. సికింద్రాబాదు సైనిక్‌పురిలో ఆ పూట పరాంకుశం అనే పాలిటెక్నిక్ లెక్చరరు వరసగా మూడోసారి ఓడిపోయి, వరసగా మూడోసారి తన తప్పేమీ లేదన్నాడు.

పరాంకుశానికి నలభై రెండేళ్ళు. మంచివాడే. పిల్లలకు పాఠం బాగా చెప్పేవాడు, ఎవరి ఇంట చావైనా ముందు వెళ్ళి నిలబడేవాడు. ఒక్కటే లోపం. ఏ మాటకైనా చివరి మాట తనదే కావాలి. ఒకసారి కరెంటు రీడింగు తీయడానికి వచ్చిన మనిషితో, మీటరు ఎలా తిరుగుతుందో అరగంట వాదించాడు. ఆ మనిషి పన్నెండేళ్ళుగా మీటర్లే చూస్తున్నాడు. చివరికి అతను "మీరన్నదే నిజం సార్" అని దణ్ణం పెట్టి పక్కింటికి పోయాడు. పరాంకుశం అదొక గెలుపనుకున్నాడు.

ఇంతకీ ఓడిపోయింది ఎక్కడంటే, వింగ్ కమాండర్ దేవసహాయం గారి కారు షెడ్డులో. దేవసహాయం గారు గుంటూరు మనిషి. డెబ్బై తొమ్మిదేళ్ళు. పడుచు వయసులో పదకొండేళ్ళపాటు మిగ్-21 యుద్ధ విమానం నడిపారు. భార్య పోయాక కారు అమ్మేసి, ఆ షెడ్డులో ఒక కాక్‌పిట్ కట్టించుకున్నారు. ఒళ్ళంతా ప్లైవుడ్డు. సీటు మాత్రం నిజం విమానానిది. పాత ఇనప సామాను కొట్టువాడు అదేమిటో తెలియక విరిగిన ఫ్యాను రెక్కలతో కలిపి తూకానికి అమ్మేశాడు. (లోకంలో చాలా విలువైన వస్తువులు ఇలాగే ఫ్యాను రెక్కల పక్కన పడి ఉంటాయి. అది వేరే కథ.) సీటు ముందు మూడు తెరలు, లోపల ఒక కంప్యూటరు, అందులో వైమానిక యుద్ధం ఆడే సిమ్యులేటర్. విమానం షెడ్డులోనే ఉంటుంది, ఆకాశమే తెర మీద కదులుతుంది. పక్కన బల్ల మీద ఇంకో కంప్యూటరు. అక్కడ కూర్చున్నవాళ్ళు ఎదుటి విమానం, అంటే అమెరికా వాళ్ళ ఎఫ్-5, నడుపుతారు.

ఆ కాక్‌పిట్‌లోని ప్రతి స్విచ్చుకూ వైరు లాగినవాడు నేరేడ్‌మెట్ ఆటో ఎలక్ట్రీషియన్ యాదగిరి. బల్ల దగ్గర కూర్చునేది రెహానా. ఆమె ఒక కళ్ళద్దాల కొట్టులో పనిచేసేది. ఏడాది కిందట దేవసహాయం గారి అద్దాలు ఇవ్వడానికి వచ్చి, షెడ్డులోకి తొంగిచూసి, ఆ రోజు మధ్యాహ్నం దాకా కొట్టుకు వెళ్ళలేదు. ఆదివారాలు వీళ్ళిద్దరూ, పరాంకుశమూ ఆ షెడ్డుకు చేరేవారు.

షెడ్డులో ఒక నియమం ఉండేది. అది దేవసహాయం గారు వైమానిక దళం నుంచి తెచ్చుకున్నది. పోరు ముగియగానే ఇద్దరూ దిగి బెంచీ మీద కూర్చోవాలి. ముందు ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకోవాలి. ఆ తర్వాతే ఎదుటివాళ్ళ తప్పు ఎత్తాలి. వయసు, చదువు, హోదా ఇవేవీ ఆ బెంచీ మీద చెల్లవు.

"నా తప్పు," అంది రెహానా నోటుబుక్కు తెరిచి, "మొదటి మలుపులోనే తొందరపడ్డాను. అప్పుడు పరాంకుశం గారు పైకి లేచి ఉంటే నా పని అయిపోయేది."

"నాదేం లేదు," అన్నాడు పరాంకుశం. "తప్పు సిమ్యులేటర్‌ది. మిగ్ ఇంత చేతకాని విమానం కాదు. గట్టిగా ఒక్క చుట్టు తిప్పేసరికి వేగమంతా చచ్చిపోతోంది. ఈ ఫ్లైట్ మోడల్ రాసినవాడెవడో ఎఫ్-5 పక్షం."

ఫ్లైట్ మోడల్ అంటే, ఆటలో ఏ విమానం ఎలా ఎగరాలో నిర్ణయించే లెక్కల మూట. సిమ్యులేటర్లు ఆడేవాళ్ళ మధ్య తెర మీద జరిగే యుద్ధాలకంటే ఈ లెక్కల మీద జరిగే యుద్ధాలే ఎక్కువ.

యాదగిరి నవ్వు ఆపుకోలేదు. "ఎవని పక్షమైతేంది సార్, మూడు వారాల సంది కూలుతున్నది మీరే గద!"

"నువ్వు నీ వైర్లు చూసుకో యాదగిరీ. ఇది ఏరోడైనమిక్స్."

"చూస్తనే ఉన్న సార్. వైర్లు మంచిగనే ఉన్నయ్."

దేవసహాయం గారు నల్లద్దాలు పెట్టుకుని ఓ మూల కూర్చుని వింటున్నారు. ఆయనకు ఆ మధ్యే శుక్లాల ఆపరేషను అయింది. పూర్వం ఈ ఆపరేషను అంటే మనిషిని చీకటి గదిలో కదలకుండా పడుకోబెట్టేవారు, తల పక్కకు తిప్పినా కేకలేసేవారు. ఇప్పుడు పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేస్తున్నారు. అయినా డాక్టరు ఆయన్ని కొన్నాళ్ళు తెర చూడొద్దన్నాడు.

"ఇరవై నాలుగో తారీఖు ఆదివారం నేను ఎక్కుతాను," అన్నారాయన. "ఇంకో మాట. వీలునామా రాయిస్తున్నాను. ఇల్లు మా ప్రమీలకు. ఈ కాక్‌పిట్ మీలో ఒకరికి. దానికిస్తే మళ్ళీ తూకానికే అమ్మేస్తుంది."

"అమ్మేస్తాను మామయ్యా, నాకేం మొహమాటం లేదు," అంది లోపల్నుంచి మేనకోడలు ప్రమీల. ఆవిడే ఆయన్ని చూసుకునేది.

పరాంకుశం ఆ విమానపు సీటు వంక చూశాడు. పందొమ్మిదేళ్ళ వయసులో అతను వైమానిక దళం ఎంపికకు వెళ్ళాడు. రాత పరీక్ష దాటాడు, ఇంటర్వ్యూ దాటాడు, కంటి పరీక్ష దగ్గర తప్పాడు. ఆ తర్వాత అతను కూర్చున్న ఒకే ఒక్క యుద్ధ విమానపు సీటు ఇదే. ఆ సీటు తనది కావాలి. తనకు దక్కకపోతే ఇంకెవరికి దక్కుతుంది? ముగ్గురిలో ఇంజనీరింగు చదివింది తనొక్కడే.

ఆ వారం అతను పాత మాన్యువల్‌లోని మిగ్ చార్టు ఒకటి ఇంటర్నెట్‌లో పట్టాడు. ఏ వేగంలో ఆ విమానం ఎంత చురుగ్గా మలుపు తిరుగుతుందో చెప్పే చార్టు అది. అందులో రెండు గీతలున్నాయి. పై గీత చూడగానే పరాంకుశం కుర్చీలోంచి లేచాడు. సిమ్యులేటర్‌లో మిగ్ తిరిగేదానికి అది చాలా ఎక్కువ. "చెప్పానా!" అన్నాడు గోడతో. చార్టును ప్రింటు తీయించి లామినేషను చేయించాడు.

శనివారం మధ్యాహ్నం షెడ్డుకు వెళ్ళాడు. షెడ్డుకు తాళం ఉండేది కాదు, ఎవరైనా వచ్చి సాధన చేసుకోవచ్చు. మిగ్ లెక్కలున్న ఫైలు తెరిచి, మలుపులో గాలి విమానాన్ని వెనక్కి లాగే బలం తాలూకు అంకెను తగ్గించాడు. విమానం పై గీత ప్రకారం తిరిగేదాకా తగ్గించాడు. ఇది మోసం కాదు, దిద్దుబాటు అనుకున్నాడు. దిద్దుబాటైతే నలుగురికీ చెప్పొచ్చుగా అని లోపల్నుంచి ఏదో అడిగింది. చెబితే వాదన వస్తుందని సర్దిచెప్పుకున్నాడు. పరాంకుశం వాదనకు భయపడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

మర్నాడు మూడు పోరుల్లో మూడూ గెలిచాడు.

"ఏం సార్, పొద్దుగాల ఏం తినొచ్చిండ్రు?" అన్నాడు యాదగిరి.

"బుర్ర," అన్నాడు పరాంకుశం.

రెహానా బెంచీ మీద కూర్చుని తెల్లకాగితం వంక చాలాసేపు చూసింది. "నా తప్పేమిటో అర్థం కావట్లేదు సార్," అంది దేవసహాయం గారితో. "ఎప్పటిలాగే తిరిగాను. ఎప్పుడూ నెమ్మదించే చోట మిగ్ నెమ్మదించలేదు. నేనే ఎక్కడో పాడుచేసుంటాను."

ఆ వారం ఆమె మూడు సాయంత్రాలు కొట్టు నుంచి తిన్నగా షెడ్డుకు వచ్చి, లేని తప్పు కోసం వెతుక్కుంది. నోటుబుక్కులో ఏడు పేజీలు నిండాయి. గురువారం పరాంకుశం ఆమెను అక్కడ చూశాడు. చెప్పేస్తే పోతుందనుకున్నాడు. "మలుపు ఇంకాస్త ముందు మొదలుపెట్టండి," అని సలహా ఇచ్చి వెళ్ళిపోయాడు.

ఇరవై నాలుగో తారీఖు వచ్చింది. దేవసహాయం గారు ఉప్మా తిని, మీసం దువ్వుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా షెడ్డులోకి వచ్చారు. యాదగిరి చెయ్యిపట్టి ఎక్కించాడు. ఆయన విమానం లేపారు, ఎత్తుకు తీసుకెళ్ళారు, ఎడమకు గట్టిగా మలుపు పట్టారు. సగం చుట్టు తిరిగాక ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. మళ్ళీ కుడికి పట్టారు. చుట్టు పూర్తయింది. దిగి బెంచీ మీద కూర్చున్నారు.

"యాదగిరీ, దీన్నెవరన్నా ముట్టుకున్నారా?"

"వైరింగా సార్? నిన్ననే చూసిన."

"వైరింగు కాదయ్యా. ఇది నా విమానం కాదు. పదకొండేళ్ళు దాంతో కాపురం చేశాను. సగం చుట్టు తిరిగేసరికి దానికి ఆయాసం రావాలి, వేగం సూది కిందికి జారిపోవాలి. ఇదేమిటి, గానుగెద్దులా ఎంతసేపైనా తిరుగుతానంటోంది!"

రెహానా లేచి నిలబడింది. "ఈ వారమంతా నేనే వచ్చాను సార్. సాధనలో ఏదో నొక్కేసుంటాను."

పరాంకుశం ఆ మాట విన్నాడు. ఊరుకుంటే ఆ తప్పు రెహానా ఖాతాలో పడిపోయేది. అంత నీచానికి దిగే మనిషి కాదతను. ముందుకొచ్చాడు.

"నేనే మార్చాను సార్. మార్చాను అనకూడదు, సరిదిద్దాను. లెక్క తప్పుంది. ఇదిగో చార్టు."

"అంటే పోయిన ఆదివారం నేను ఓడిపోలేదా?" అంది రెహానా.

"ఓడిపోయారు. సరైన మిగ్ చేతిలో ఓడిపోయారు."

"ఏడు పేజీలు రాశానండీ!"

దేవసహాయం గారు చెయ్యెత్తి ఆమెను ఆపారు. చార్టు అందుకుని కొత్త కళ్ళతో నిదానంగా చూశారు.

"నువ్వు పట్టుకుంది ఈ పై గీతనా?"

"అవును సార్."

"మరి కింది గీతేమిటి?"

"అది... బాంబులు, ట్యాంకులు మోస్తున్నప్పటిది అయ్యుంటుంది."

"కాదు. పై గీత ఒక్క క్షణానిది. చేతిలోని కంట్రోలు కర్ర ఒక్కసారిగా లాగితే ఆ క్షణాన విమానం అంత చురుగ్గా తిరుగుతుంది. కింది గీత, వేగం పోకుండా తిరుగుతూ ఉండగలిగేది. మిగ్‌ది త్రికోణం రెక్క. లాగగానే గిరుక్కున తిరుగుతుంది, వెంటనే వేగం పోగొట్టుకుంటుంది. నువ్వు ఒక్క క్షణపు గీత తీసుకుని కలకాలం తిరగమన్నావు."

"గంతేనా!" అన్నాడు యాదగిరి. "సైకిల్ మీద జోరుగ పోతా పోతా హ్యాండిల్ గుంజినట్టు. బండి తిరుగుతది గని మల్ల తొక్కుడు మొదటికొస్తది."

"అంతే. పరాంకుశం, కూర్చో." దేవసహాయం గారు బెంచీ మీద తన పక్కన చోటిచ్చారు. ఆయన గొంతులో కోపం లేదు. "చార్టు తప్పు చదవని పైలట్ నాకు తెలిసి లేడు. నేనూ చదివాను, రన్‌వే దాటి గడ్డిలో ఆగాను. అదేం పెద్ద విషయం కాదు. ఇక్కడి నియమం నీకు తెలుసు. ముందు నీ తప్పు నువ్వు చెప్పు."

చాలా చిన్న పని. రెండే మాటలు. ఆ రెండు మాటలూ పరాంకుశం నాలుక మీదికి వచ్చాయి కూడా. అతను రెహానా వంక చూశాడు, యాదగిరి వంక చూశాడు. ఇంజనీరింగు చదివినవాడికి సైకిలు ఉపమానం చెప్పిన యాదగిరి వంక ఇంకోసారి చూశాడు.

"చార్టు వేసినవాడు గీతల పక్కన పేర్లు స్పష్టంగా రాయలేదు సార్," అన్నాడు. "ఎవరైనా అలాగే చదువుతారు."

దేవసహాయం గారు చార్టు అతనికి తిరిగిచ్చేశారు. "సరే," అన్నారు. లేచి లోపలికి వెళ్ళి కాఫీ పెట్టమన్నారు. రెహానా ఫైలులో పాత అంకె తిరిగి వేసింది. ఆ పూట ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. అలా ఆ వాదనలోనూ చివరి మాట పరాంకుశానిదే అయింది.

ఆ ఆదివారం తర్వాత కూడా అతను వచ్చేవాడు, ఎగిరేవాడు, ఓడేవాడు. దేవసహాయం గారు ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించేవారు. మరుసటి ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆయన పడక్కుర్చీలో కునుకు తీస్తూ, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్ళిపోయారు.

పదిహేను రోజుల తర్వాత వకీలు వచ్చి అందరినీ కూర్చోబెట్టి వీలునామా చదివాడు. ఇల్లు, బ్యాంకులో ఉన్నది ప్రమీలకు. పనిముట్ల పెట్టెలు, కొలత పరికరాలు, బల్ల మీది కంప్యూటరు యాదగిరికి. కాక్‌పిట్, నిజం విమానపు సీటు, పదకొండేళ్ళు ఎగిరిన వివరాలు రాసుకున్న మూడు లాగ్ పుస్తకాలు రెహానాకు. వకీలు కళ్ళద్దాలు తీసి కాగితం మడిచాడు.

"రెండో పేజీ ఉండాలే," అన్నాడు పరాంకుశం. "ఇలాంటి వీలునామాలకు అనుబంధం అని ఒకటి ఉంటుంది."

"లేదండీ. ఇది ఒకటే పేజీ," అన్నాడు వకీలు.

"ఒకసారి సరిగ్గా చూడండి. మా పాలిటెక్నిక్‌లో..."

"పరాంకుశం గారూ," అంది ప్రమీల మెల్లగా. "మామయ్య జూన్ మొదట్లో రాయించిన చిత్తులో కాక్‌పిట్ మీ పేరు మీదే ఉంది. ఆ ఆదివారం కాఫీ తాగాక పెన్ను తెమ్మని అడిగి కొట్టేశారు. కొట్టేసేటప్పుడు ఆయన కళ్ళు చెమ్మగిల్లడం నేను చూశాను."

పరాంకుశం లేచి చెప్పులు వేసుకున్నాడు. అందరికీ ఏదో ఒకటి దక్కిన ఆ ఇంటి నుంచి అతనొక్కడే వట్టి చేతులతో వెళ్ళాడు.

నీతి: తన తప్పు తానే ఒప్పుకున్నవాడికి విద్యా దక్కుతుంది, పెద్దల వారసత్వమూ దక్కుతుంది; ప్రతి వాదనా గెలవాలనుకునేవాడికి చివరికి ఆ వాదన ఒక్కటే మిగులుతుంది.