ఎర్ర రిబ్బను, ఆరిన లాంతరు

మధ్యాహ్నం దాటగానే రాళ్ళగుట్ట నీడ ద్రాక్షతోట మీదికి పాకుతుంది. ముందు పందిళ్ళ మీద, తర్వాత కొట్టాల మీద, ఆఖరికి రసం పులిసే రాతిగది మీద పడుతుంది. ఆ నీడ వచ్చిందంటే తోటలో జంతువులన్నీ గొంతు తగ్గించేవి. నీడకి కూడా చెవులుంటాయని వాటి నమ్మకం.

ఆ తోటలో ద్రాక్ష పండించి వైన్ చేసేవాళ్ళు. పురుగుమందు అన్న మాటే లేదు. కలుపుని గొర్రెలు మేసేవి. లేతాకులు కొరికే నత్తల్ని బాతులు ఏరుకు తినేవి. రసం పిండగా మిగిలిన పిప్పిని కూడా పారేసేవాళ్ళు కాదు. పూర్వం ధాన్యం దాచిన పాతర ఒకటి కొట్టం వెనకాల ఉంది. అందులో వేసి మగ్గబెట్టి, ముసలి ఎద్దు పుల్లన్నకి దాణాగా పెట్టేవాళ్ళు.

పాతర అంటే రెండు నిలువుల గొయ్యి. లోపలికి రాతిమెట్లు. తోట చూసుకునే ఈరన్న అందులోకి ఎప్పుడూ తిన్నగా దిగడు. ముందు లాంతరు వెలిగించి తాడుతో లోపలికి దించుతాడు. అడుగుదాకా వెలుగుతూ ఉంటే దిగుతాడు. ఆరిపోయిందా, లోపలి గాలి పోయేలా మూత తడికని పక్కకి జరిపేసి, "ఈ పూటకి వద్దులే" అని వెళ్ళిపోతాడు. పులిసే పిప్పిలోంచి కంటికి కనపడని గాలి పుట్టి అడుగున మడుగు కడుతుందట. అందులో దీపమూ బతకదు, ప్రాణమూ బతకదు. ఈరన్నకి ఈ సంగతి వాళ్ళ నాన్న చెప్పాడు. చెప్పినప్పుడు పుల్లన్న పక్కనే నిలబడి నెమరేస్తూ విన్నాడు.

ఇక ఆదివారం వస్తే తోటకి వేరే ఊపిరి వచ్చేది. పట్నం నుంచి కార్లు బారులు తీరేవి. గేటు దగ్గర కుక్కని గొలుసుతో కట్టేసేవాళ్ళు. పిల్లలు తొట్టిలో దిగి మోకాళ్ళదాకా ద్రాక్షపళ్ళు తొక్కేవాళ్ళు. పుల్లన్న బండెక్కి తోటంతా తిరిగేవాళ్ళు. అన్నిటికంటే వాళ్ళకి ఇష్టం రిబ్బన్ల బుట్ట. తలా ఒక రిబ్బను తీసుకుని, నచ్చిన జంతువు మెడకి కట్టి, దానికో పేరు పెట్టుకోవచ్చు. ఆ రోజుకి అది వాళ్ళ నేస్తం. సాయంత్రం ఆఖరి కారు వెళ్ళేసరికి ఈరన్న ఆ రిబ్బన్లన్నీ విప్పి, ఉతికి, తీగ మీద ఆరేసి, మళ్ళీ బుట్టలో వేసేవాడు.

బాతుల్లో అందరికంటే చిన్నది చుక్కి. తెల్లని రెక్క మీద ఒకటే నల్లచుక్క. పుట్టి బుద్ధెరిగాక ఎన్నో ఆదివారాలు మెడ చాపి నిలబడింది గాని దాన్ని ఎవరూ ఎంచుకోలేదు. ఆ ఆదివారం మాత్రం లాస్య అని ఆరేళ్ళ పిల్ల వచ్చి, దాని ముందు గొంతుక్కూర్చుంది. ఎర్ర రిబ్బను మెడకి ముడేసి, నల్లచుక్క మీద ముద్దు పెట్టింది.

"నీ పేరు రాణి. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తాగా! రిబ్బను విప్పుకోకు. మరక చేసుకోకు. అది చూసే నిన్ను గుర్తుపడతా. సరేనా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల కళ్ళలో రెండు దీపాలు వెలిగాయి. రెండింటిలోనూ చుక్కే ఉంది. అంత వెలుగులో తనని తాను ఎప్పుడైనా చూసుకుందా పాపం! ఆ క్షణం నుంచి దానికి నత్తలు చేదయ్యాయి.

కార్లు కదిలే వేళకి చుక్కి కొట్టం వైపు నడిచొచ్చింది. మేకపిన్ని గోడ మీంచి ఆకు తెంపుకుంటూ ఎగాదిగా చూసింది.

"ఏమే, నక్కతోక తొక్కొచ్చావా? మెడలో పట్టు, నడకలో టెక్కు!"

"టెక్కేం కాదు పిన్నీ. నేనిప్పుడు రాణిని."

"ఓహో! నాకూ పొద్దున ఒకడు పేరు పెట్టాడులే. స్కూటరట. ఇప్పుడు నేను గడ్డి మానేసి పెట్రోలు తాగాలా?"

"నీది వేళాకోళం. నాది నిజం. లాస్య వచ్చే ఆదివారం వస్తానంది."

పుల్లన్న దవడ ఆపాడు. "అమ్మీ, నాకెన్ని పేర్లు పెట్టారో నాకే గుర్తులేదు. హీరో అన్నారు, టైగరన్నారు. ఒక పిల్లాడైతే చచ్చిపోయిన వాళ్ళ తాత పేరు పెట్టి, నా మెడ పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మళ్ళీ వస్తా తాతా అన్నాడు."

"వచ్చాడా?"

పుల్లన్న కాసేపు నెమరేశాడు. "ఏ ఆదివారమో వాడు చెప్పలేదమ్మా."

"లాస్య చెప్పింది," అంది చుక్కి.

ఇంతలో గేటు వైపు నుంచి ఈరన్న కేక వినిపించింది. ఒక్కొక్క జంతువు దగ్గరా ఆగి రిబ్బన్లు విప్పుతూ వస్తున్నాడు. రిబ్బను పోతే రాణి పోయినట్టే. చుక్కి కొట్టం సందులోంచి దూరి పాతర వెనక్కి పరిగెత్తింది. కంచె పక్కన నక్కి కూర్చుని, మెడ రెక్కలో దాచుకుంది. అప్పటికి గుట్ట నీడ పాతర మీదికి వచ్చేసింది.

"మరదలా, ఏడుస్తున్నావా?"

చుక్కి అదిరిపడింది. కంచె అవతల రెండు కళ్ళు, సన్నని మూతి. నక్కబావ!

"దగ్గరికి రాకు. అరుస్తా."

"అరుచుకో తల్లీ, అరుచుకో. నువ్వరిస్తే కుక్క మొరుగుతుంది. కుక్క మొరిగితే ఈరన్న వస్తాడు. ఈరన్న వస్తే వాడి చేతిలో బుట్ట కూడా వస్తుంది. నాకేం, నాలుగు గంతులేస్తే గుట్టెక్కేస్తా. నీ రిబ్బను సంగతే చూసుకో."

చుక్కి నోరు మూసుకుంది.

నక్కబావ గొంతు మరీ మెత్తబడింది. "గుట్ట మీంచి అంతా చూశా. ఆ పిల్ల నిన్నెంత ముద్దు చేసిందీ! నాకే కళ్ళనీళ్ళొచ్చాయి. ఆరు రోజులు ఈ రిబ్బను కాపాడుకుంటే చాలు కదూ? దాక్కునే చోటు నేను చూపిస్తా."

"ఎక్కడ?"

"నీ పక్కనే. పాతర."

"ఈరన్న దిగుతాడుగా!"

"అక్కడే ఉంది కిటుకు. లాంతరు ఆరిన రోజున ఒక్క మనిషీ లోపల కాలు పెట్టడు. ఏడాదిగా చూస్తున్నా. చీకటంటే హడలు వాళ్ళకి. ఇందాక దించాడు, ఆరిపోయింది, తడిక తీసేసి తోకముడిచాడు. ఇంక నీకు అడ్డేముంది? తిన్నంత పిప్పి, పడుకున్నంత నిద్ర."

మాట్లాడుతూనే కంచె కింద మట్టి గీకి ఇవతలికి వచ్చేశాడు. చుక్కిని బయటే పట్టుకుంటే ఒక్క అరుపుతో కర్ర వచ్చి వీపు మీద వాలుతుంది. కిందటేడు అలా వాలిన కర్రకే ఒక కాలు కుంటిదైంది. గోతి అడుగున అయితే ఎంత అరిచినా పైకి వినపడదు, తాపీగా భోంచెయ్యచ్చు. ఇదీ బావ మనసులో ఉన్న మరదలి ముచ్చట.

కొట్టం వెనక తలుపు దగ్గర పలుపుతాడుకి కట్టేసి ఉన్న పుల్లన్నకి ఇదంతా వినపడుతూనే ఉంది.

"అమ్మీ, దిగకు," అన్నాడు. "చీకటికి జడిసి కాదు ఈరన్న దిగంది. అడుగున చెడ్డగాలి ఉంది. దీపాన్ని మింగింది నిన్ను మింగదా?"

నక్కబావ పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. "కంటికి కనపడని గాలి కొరికి చంపుతుందా తాతా? చెప్పేవాడికి వినేవాడు లోకువ! నీ దాణా మా మరదలు తినేస్తుందని కదూ నీ ఏడుపు?"

చుక్కి ఇద్దరి వంకా చూసింది. తాత మాటలో ప్రాణం ఉంది. బావ మాటలో లాస్య ఉంది. అటు ఈరన్న అడుగులు దగ్గరవుతున్నాయి. ప్రేమకి తూకం తెలుస్తుందా? చుక్కి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

లోపల్నుంచి పుల్లటి ఘాటు ముక్కుకి కొట్టింది. అడుగున నల్లగా, చిత్తడిగా పిప్పి. చుక్కి అక్కడే ఆగిపోయింది.

"బావా, రిబ్బనుకి మరకవుతుంది."

"మరకా?" నక్కబావకి ఓపిక చచ్చింది. "ఇంకాసేపట్లో నీకు మరకల బెంగే ఉండదే పిచ్చిదానా. దిగు!"

"ఊహూఁ. మరక చేసుకోకు అంది లాస్య."

పుల్లన్న ఒక్క క్షణం ఆలోచించాడు. తాడు తెంపుకుని వెళ్ళే వయసు కాదు. తన ముందున్న ఎండుగడ్డిని మూతితో అటు నెట్టాడు.

"రాణీగారిని పిలిచినవాడివి నక్కబావా, ముందు నువ్వు దిగి పక్క పరవద్దూ? ఇదిగో గడ్డి. కాని మళ్ళీ చెప్తున్నా, నా మాట విను. లాంతరు ఆరింది. దిగితే ఎక్కి రావు."

పుల్లన్నకి నక్కల సంగతి తెలుసు. దిగకు అని రెండుసార్లు చెబితే నక్క రెండు మెట్లు ఎక్కువే దిగుతుంది. పుట్టి నిజం చెప్పి ఎరగనివాడికి ఎదుటివాడి నిజం కూడా టక్కులాగే వినిపిస్తుంది కదా! ముసలాడు ఇంత బెదిరిస్తున్నాడంటే లోపల ఎంత సుఖం ఉందో అనుకున్నాడు నక్కబావ. గడ్డి నోట కరుచుకుని, కుంటుకుంటూ మెట్లు దిగిపోయాడు.

"ఆహా..." అడుగునుంచి గొంతు వచ్చింది. "వెచ్చగా ఉంది మరదలా... మెత్తగా... రా..."

ఒక దగ్గు వినిపించింది. తర్వాత గోళ్ళు రాతిని గీకిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

చుక్కి మెడ వంచి చూసింది. "బావా, పరిచావా?"

ఇంకాస్త ముందుకి వంగింది.

"బావా?"

"పరిచాడమ్మా," అన్నాడు పుల్లన్న నేల చూపులు చూస్తూ. "దాని మీదే పడుకున్నాడు. ఇంక లేవడు. నువ్వు పైకి రా."

అప్పటికి చుక్కికి సంగతి అర్థమైంది. ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది. గేటు దగ్గర కుక్క గొలుసు తెంచుకునేలా మొరిగింది. ఈరన్న పరిగెత్తుకొచ్చి, మెట్టు మీద కొయ్యబారి నిలబడ్డ బాతుని చంకలోకి లాక్కున్నాడు. వంగి గోతిలోకి చూసి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఓసి నీ బుద్ధి తగలెయ్య! ఇంకొక్క మెట్టు దిగుంటే నువ్వూ అంతేగదే!"

అంటూనే, అలవాటైన వేళ్ళు మెడ దగ్గరికి వెళ్ళాయి. ముడి విడిపోయింది. రిబ్బనుని అటూ ఇటూ తిప్పి చూసి, "మరకైనా పడలేదు, ఉతకక్కర్లేదు," అని బుట్టలో పడేశాడు.

చుక్కి ఆ రాత్రి మెడ ఎక్కడ పెట్టుకోవాలో తెలీక తెల్లవార్లూ అలాగే కూర్చుంది.

మళ్ళీ ఆదివారం వచ్చింది. లాస్య కూడా వచ్చింది! అన్న మాట ప్రకారం వచ్చింది. ఎర్రగౌను వేసుకుని, కారు దిగుతూనే బుట్ట దగ్గరికి ఉరికి, అదే ఎర్ర రిబ్బను ఏరుకుంది. చుక్కి అందరికంటే ముందుకెళ్ళి నిలబడింది. నల్లచుక్క కనపడేలా రెక్క ఎత్తింది. ఈ చుక్క మీదే కదా ముద్దు పెట్టింది!

లాస్య దాని వంక చూసింది. చూసి, దాని మీదుగా అవతలికి చూసింది. అవతల కొత్తగా తెచ్చిన తెల్ల కుందేలు గూట్లో కూర్చుని క్యారెట్ కొరుకుతోంది. పిల్ల కళ్ళలో దీపాలు రెండూ అటు తిరిగి వెలిగాయి.

"నీ పేరు రాణి," అంది కుందేలు మెడకి ముడేస్తూ.

వాళ్ళమ్మ నవ్వింది. "అదేంటే, రాణి అని పోయినసారి బాతుకి పెట్టావుగా?"

"అదేదో తెలీట్లేదమ్మా. రిబ్బను లేదుగా. బాతులన్నీ ఒకలాగే ఉన్నాయి."

చుక్కి ఆగలేక వెంట నడిచింది. పాదాల దగ్గర మెల్లగా పిలిచింది. లాస్య వెనక్కి గెంతి, "అమ్మా, ఈ బాతు నా వెంటపడుతోంది!" అంది. వాళ్ళమ్మ చున్నీ కొంగుతో 'హుష్, హుష్' అని అదిలించింది.

గోడ మీంచి చూస్తున్న మేకపిన్ని నోట 'కొత్త ఒక వింత, పాత ఒక రోత' అన్న మాట సగం వచ్చింది. చుక్కి మొహం చూసి తక్కిన సగం ఆకుతోపాటు మింగేసింది.

మర్నాడు పొద్దున్నే బాతులన్నీ వరసకట్టి పందిళ్ళ కిందికి వెళ్ళాయి. చుక్కి అందరి వెనకాల వెళ్ళింది. నత్త కనపడితే తింది. రుచి అడిగితే చెప్పలేదు. నీడ వచ్చే వేళకి కొట్టం దగ్గరికి వచ్చి, పుల్లన్న కాళ్ళ పక్కన కూర్చుంది. ఈరన్న వారం కిందటే నక్కని కొక్కెంతో పైకి లాగి గుట్ట అవతల పూడ్చేశాడు. ఇప్పుడు లాంతరు దించుతున్నాడు. అది అడుగుదాకా వెలుగుతూనే వెళ్ళింది. అప్పుడు గాని కాలు మెట్టు మీద పెట్టలేదు.

చుక్కి ఆ వెలుగునే చూస్తూ అడిగింది. "తాతా, ఆ పిల్లాడి కోసం నువ్వింకా చూస్తున్నావా?"

"నేను చూడ్డం మానేశానమ్మా," అన్నాడు పుల్లన్న. "ఈ మెడే, కారు చప్పుడైతే దానంతటదే చాచుకుంటుంది."

నీడ ఇద్దరి మీదికీ వచ్చింది.

నీతి: గోతిలోకైనా, ఒకరి మాటలోకైనా, దీపం దించి చూడకుండా దిగకూడదు.