నక్క తలంత గుమ్మం

చెరకు తోటలకు ఎగువన, ఏటి మీదికి ఒరిగిన ఒక నల్లతుమ్మ చెట్టుంది. దాని నిండా గిజిగాళ్ల గూళ్లు. ఒకటి కాదు రెండు కాదు, నలభై. ఆ చెట్టు మీది గిజిగాళ్లంతా తాపీ మేస్త్రీల్లాంటి వాళ్లు. ఆడపిట్టలకు ఇళ్లు కట్టి అప్పజెప్పడమే వాళ్ల వ్యాపారం. ఇల్లు నచ్చితే కట్టినవాడితో కాపురం, నచ్చకపోతే కట్టినవాడి ముక్కు నొప్పి వాడిదే.

ఆ వ్యాపారానికొక పద్ధతుంది. గూడు సగం కట్టి ఆపెయ్యాలి. టోపీ బోర్లించినట్టు పైకప్పు, లోపల నాలుగు బంకమట్టి ముద్దలు, అంతే. అప్పుడు ఆడపిట్ట వచ్చి, లోపల కూర్చుని, లాగి, పీకి, పొడిచి చూస్తుంది. పెదవి విరిస్తే సరే, మళ్లీ మొదటికి రావాలి. "బాగుంది" అందో, ఇక క్షణం ఆగకూడదు. ఆమె లోపలుండగానే కింది గొట్టం అల్లేసి పని ముగించాలి. బయటికొచ్చి గాలి పీల్చుకుంటే మనసు మార్చుకుంటుందని పెద్దల భయం. ఆ "బాగుంది" చెవిన పడితే చాలు, చెట్టు మీది మేస్త్రీలందరూ ఎక్కడి పని అక్కడ వదిలి సాయం పట్టాలి.

నూకరాజు అనే గిజిగాడు మాత్రం ఆ మాట ఇంతవరకూ వినలేదు. మూడు వానాకాలాలుగా పార్వతాలు అనే పిట్ట కోసం కడుతూనే ఉన్నాడు. మొదటిదానికి గాలి రాదంది. రెండోదానికి గాలి మరీ ఎక్కువంది. మూడోదానికి ఇల్లు పర్లేదు గానీ పక్కింటోళ్లు బాగోలేరంది. నాలుగోది చెట్టు చిటారున సగం కట్టి ఉంచాడు పాపం.

ఇంతలో కొండ మీద సింహంగారికి ఏమీ తోచలేదు. తోచక, అడవిలో వ్యాపారాలన్నిటికీ కొత్త చట్టం చేశారు. కప్పలు అరవాలంటే వానకు వారం ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. నత్త తన ఇంటి చిరునామా రాసివ్వాలి, కదిలినప్పుడల్లా మార్పు పత్రం జతపరచాలి. ఈ ఉత్తర్వులు మోసుకొచ్చే పని తాబేలు నరసింగానిది. నరసింగం కొండ దిగేసరికి పైన నిబంధన మారిపోయేది. అందుకని ఏది పాతదో ఏది కొత్తదో తెలిసినవాడు అడవిలో ఒక్కడే. తనిఖీ అధికారి, నక్క ధనంజయంగారు. నిన్నటిదాకా కోళ్ల గూళ్ల చుట్టూ తిరిగిన పెద్దమనిషే. గూళ్ల వ్యవహారంలో అనుభవముందని సింహంగారు ఆయన్నే వేశారు. గూళ్ల నిబంధనలు కూడా ఆయన చేతే రాయించారు.

ఒకరోజు ధనంజయం తుమ్మ కిందికొచ్చి మెడ పైకెత్తాడు.

"ఏమోయ్ నూకరాజూ, ఈ ఇళ్లకు గుమ్మాలేవి?"

"కిందవైపున్నాయండి. గొట్టంలోంచి పైకి పాకి వెళ్లాలి."

"గుమ్మం అలా ఉంటే అధికారి ఎలా వస్తాడు?"

"రాకూడదనే కదండీ అలా కట్టేది," అన్నాడు నూకరాజు. అబద్ధమాడ్డం వాడికి చేతకాదు.

ధనంజయం నవ్వాడు. "అవన్నీ పాత పద్ధతులు. ఇకమీదట గూడు అధికారి మెడ ఎత్తులో ఉండాలి. గుమ్మం అధికారి తలంత ఉండాలి. కప్పు కింద ఎవరి తల ఉంటే వాళ్లే యజమాని. అధికారి బయట నిలబడి, నాలుగువైపులా తన కళ్లతో చూసి వేలిముద్ర వేసేదాకా యజమాని ఇల్లు కదలకూడదు. కట్టిన ఇల్లు ఎవరైనా కూల్చారో, తోక కత్తిరించేస్తారు."

"మరి గుడ్లు, అయ్యగారూ?"

"గుడ్లు నేను చూసుకుంటాలే." ఆ మాటంటుంటేనే నాలుక బయటికొచ్చి మూతి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వెళ్లింది. "ఎల్లుండి పొద్దున్నకి ఒక నమూనా కట్టిపెట్టు. అది సరిపోతే మిగతా నలభై ఇళ్లూ అలాగే కిందికి దించాలి. కట్టనంటావా, లైసెన్సులు రద్దు. చెట్టు ఖాళీ చేసుకోండి."

నక్క వెళ్లాక పార్వతాలు వచ్చి కొమ్మ మీద వాలింది.

"కట్టకపోతే ఏమవుద్ది?"

"చెట్టు పోతుంది. తొలకరి వారంలో ఉంది, ఎక్కడికని పోతాం?"

"కడితే?"

"గుడ్లు పోతాయి."

"అయితే విను నూకరాజూ. నక్క తలంత గుమ్మమున్న ఇంట్లో నేను కాపురం చెయ్యను. ఆ నమూనా కట్టావంటే నా మొహం చూడమాక."

నూకరాజుకి ఏడుపొచ్చింది. ఏటి ఒడ్డున పడుకుని నెమరేస్తున్న దుక్కిటెద్దు సన్యాసి దగ్గరికెళ్లి కష్టం చెప్పుకున్నాడు. సన్యాసికి చదువొచ్చు. తొందరే రాదు.

"నేనేం చెయ్యను బాబాయ్?"

ఎద్దు నోట్లోది పూర్తిగా నమిలి మింగాకగానీ నోరు విప్పలేదు. "పని చేతిలో ఉన్నవాడివి, పని చెయ్యి. గట్టిగా కట్టు. వంక పెట్టడానికి సందు లేకుండా కట్టు. ఎల్లుండి నేనూ వస్తాలే, నరసింగం ఉత్తర్వు కాగితం తెస్తున్నాడంట, చదివిపెడతాను."

నూకరాజు రెండ్రోజులు తిండి మానేసి కట్టాడు. చెరకాకు చీలికలు, వాటి మీద ఈతాకు చీలికలు, రెండు వరసల అల్లిక. లాగితే కొమ్మ విరగాలిగానీ గూడు తెగకూడదు. పద్ధతి ప్రకారం సగంలో ఆపాడు. ఒడ్డువైపు వంగిన కొమ్మకి, సరిగ్గా నక్క మెడ ఎత్తున వేలాడదీశాడు. కడుతున్నంతసేపూ పార్వతాలు వైపు చూడలేదు. చూసే మొహం లేదు.

మూడోనాడు పొద్దున్నే ధనంజయం వచ్చాడు. ఎద్దు సన్యాసి వచ్చాడు. తాబేలు నరసింగం కూడా వచ్చాడు, జీవితంలో మొదటిసారి సమయానికి. కాగితం ఎద్దు ముందు పెట్టి, అలసిపోయి తల లోపలికి లాక్కున్నాడు.

ధనంజయం నమూనా చుట్టూ తిరిగాడు. గొంతు సవరించుకుని కింద నుంచి తల లోపలికి దూర్చాడు. పట్టింది, చెవులతో సహా. కళ్ల ముందు చీకటి, ముక్కుకి బంకమట్టి. ఇలాంటివే నలభై వరసగా, ప్రతిదాంట్లో మూడేసి గుడ్లు, తల పెట్టడం తీయడం అంతే గదా అనుకునేసరికి ఒళ్లు పులకరించింది. మనస్ఫూర్తిగా ఒక మాట అన్నాడు.

"బాగుంది."

ఆ మాట నూకరాజు చెవిలో పడింది. ఎవరన్నారు, ఎందుకన్నారు అని వాడు ఆలోచించలేదు. మూడు వానాకాలాలు ఆ మాట కోసం ఎదురుచూసిన ముక్కు అది, దానంతటదే కదిలింది. ఒక చీలిక అందుకుని గొట్టం మొదలెట్టేశాడు. చెట్టు మీద మిగతా మేస్త్రీలూ విన్నారు. "నూకరాజు ఇల్లు నచ్చిందంట రోయ్" అంటూ ముప్పైతొమ్మిది మందీ నోట్లో ఆకులతో దిగిపోయారు. నలభై ముక్కులూ ఒకటే పనిగా అల్లుతున్నాయి.

లోపల్నుంచి ధనంజయం నివేదిక చెప్పుకుపోతున్నాడు. "వెడల్పు సరిపోయింది. ఎత్తు సంతృప్తికరం. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉంది, వానాకాలానికి మంచిదే. ఎవరోయ్ అక్కడ, చక్కిలిగిలి పెడుతున్నది?"

ఎవరూ పలకలేదు. ముక్కుల్లో ఆకులుంటే ఏం పలుకుతారు? ఆఖరి ముడి పడింది. గొట్టం ఆయన మెడకి తొడుగులా పట్టేసింది.

తల తీయబోతే రాలేదు. వెనక్కి తన్నిపెట్టి లాగాడు, కొమ్మ ఊగింది, అల్లిక ఊగలేదు. అప్పటికిగానీ నూకరాజుకి తెలివిరాలేదు. తనేం చేశాడో చూసుకుని గబుక్కున ముడి పట్టుకున్నాడు.

"అయ్యగారూ, క్షమించండి, పాడు అలవాటండి. ఇప్పుడే విప్పేస్తాను."

"ఆగరా అబ్బాయ్," అన్నాడు ఎద్దు సన్యాసి, కాగితంలోంచి తలెత్తకుండానే. "విప్పితే కూల్చివేత కిందికొస్తుంది. నీ తోక పోద్ది."

"నేనే చీల్చుకుంటాను," అని నక్క పంజా ఎత్తాడు.

"అప్పుడు మీ తోక పోద్దండి. ఎవరైనా కూల్చారో అని మీరే రాశారు. ఎవరైనా అంటే మీరూ వస్తారు కదా."

పంజా మెల్లగా కిందికి దిగింది. నక్కకి తోకంటే ప్రాణం.

"ఇంకోటుంది," అన్నాడు సన్యాసి. "కప్పు కింద ఎవరి తల ఉంటే వాళ్లే యజమాని. కాబట్టి ఈ ఇల్లు మీదండి. అధికారి వేలిముద్ర పడేదాకా యజమాని ఇల్లు కదలకూడదు."

"అధికారిని నేనే కదయ్యా. వేలిముద్ర వేసేస్తాను, కాగితం ఇలా తే."

"అధికారి బయట నిలబడి, నాలుగువైపులా తన కళ్లతో చూడాలనుందండి. మీరు లోపలున్నారు."

గూట్లో ధనంజయం ఇంకోసారి మెడ గుంజుకున్నాడు. తర్వాత సన్నటి గొంతు వినిపించింది. "ఇంకో అధికారిని వెయ్యమని సింహంగారికి అర్జీ పెడతాను."

"అలాగేనండి. నరసింగం తీసుకెళ్తాడు."

తాబేలు తల బయటపెట్టి, కొండవైపు ఒకసారి చూసి, "ఇదిగో, బయల్దేరుతున్నా" అన్నాడు. సాయంత్రానికి చెరకు తోట గట్టు దాకా వెళ్లాడు.

ఆ అర్జీకి జవాబొచ్చేసరికి వానాకాలం వెళ్లిపోతుందని అందరికీ తెలుసు. ఆకలికి చావకూడదని సన్యాసి గూటికి చిన్న చిల్లు పెట్టించి, చెరకు ముక్కలందిస్తానని మాటిచ్చాడు. చిల్లు పెట్టడం మరమ్మతేగానీ కూల్చివేత కాదని తీర్పు కూడా తనే ఇచ్చేశాడు.

తొలకరికి ముందురోజు పార్వతాలు వచ్చింది. నూకరాజుతో పలకకుండా తిన్నగా చిటారు కొమ్మకెళ్లి, నాలుగో గూట్లో కూర్చుంది. లాగింది, పీకింది, పొడిచింది.

"గాలి..." అంది. ఆగి, కిందికి తొంగిచూసింది. నక్క గూట్లో తలపెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ వాసనకు పాములేవీ చెట్టు దరిదాపుల్లోకి రావడం లేదు.

"గాలి సంగతి తర్వాత. పిల్లలకు కింద కాపలా కూడా ఉంది," అంది పార్వతాలు. "బాగుంది."

నలభై ముక్కులూ ఒక్కసారే లేచాయి.

అందరి గుమ్మాలకూ కొలతలు రాసేవాడు, ముందు తన మెడ కొలుచుకోవాలి.