ఒంటికాలి శాసనం

రేవళ్ల కోటను ఏలిన గజపాలుడికి ఫిర్యాదులు వినాలంటే మహా విసుగు. వచ్చినవాళ్ళు తాతల నాటి నుంచి మొదలుపెట్టి అసలు సంగతికి వచ్చేసరికి ఆయన భోజనం చల్లారిపోయేది. ఫిర్యాదులు పొట్టిగా అయ్యే ఉపాయం చెప్పినవాడికి కంకణం ఇస్తానని ఒకనాడు సభలో అన్నాడు.

ఆ కంకణం కట్టడాల అధికారి చెంగల్రాయుడు కొట్టేశాడు. తన తెలివికి తనే ముచ్చటపడే మనిషి. శాసనం తనే రాసి, తనే గొంతు సవరించుకుని చదివాడు.

"ఫిర్యాదుదారు ఒక పాదం ఎత్తి చెప్పుకోవలెను. ఎత్తిన పాదం నేలకు తాకగానే ఫిర్యాదు ముగిసినట్లు. న్యాయం ఇరువైపులా సమానం గనుక, ప్రతివాది సైతం అంతసేపూ పాదం ఎత్తే వినవలెను."

రాజుగారికి బాగా నచ్చింది. ముసలివాళ్ళు రావడం మానేశారు, గర్భిణులు మానేశారు, లావుపాటివాళ్ళు గుమ్మం దాకా వచ్చి తిరిగిపోయారు. రాజ్యంలో అన్యాయం తగ్గిపోయిందని చెంగల్రాయుడు ప్రకటించాడు. నిజమే కాబోలు అనుకున్నాడు రాజు.

ఆ ఏడే కోట బురుజు కడుతుంటే పరంజా మోకు తెగి కాశన్న అనే తాపీ మేస్త్రి కింద పడ్డాడు. వెన్నెముక విరిగింది. ప్రాణం పోలేదు గానీ నడుం కింది భాగం అతనిది కాకుండా పోయింది. గిచ్చినా తెలియదు.

రాజుగారి పనిలో దెబ్బతిన్నవాడికి బతికినంతకాలం తిండీ, వైద్యుడూ, ఒక సేవకుడూ ఇవ్వాలని పాత నియమం. తప్పు అతనిదే అయితే మాత్రం ఏమీ ఇవ్వరు. మోకులు కొత్తవనీ, మేస్త్రే కాలు జారాడనీ చెంగల్రాయుడు రాసి పంపేశాడు. అంతటితో కాశన్న సంగతి ముగిసింది, రాతలో.

కాశన్న భార్య ముత్యాలు ఊళ్ళో వాదించేవాళ్ళందరి గడపలూ ఎక్కింది. మీ ఆయన ఒంటికాలి మీద నిలబడగలిగితే తీసుకురమ్మన్నారు వాళ్ళు. నిలబడగలిగితే ఫిర్యాదే ఉండేది కాదని ఆమె చెప్పింది. అది చట్టంలో చెల్లే జవాబు కాదన్నారు.

చివరికి ఆమె దోనప్ప దగ్గరికి వచ్చింది. రాజుగారికి తాంబూలం చుట్టి ఇవ్వడం దోనప్ప ఉద్యోగం. చట్టం చదవలేదు. కానీ రాజుగారి పక్కనే నిలబడి పాతికేళ్ళుగా చట్టం చదివినవాళ్ళను చూస్తున్నాడు.

అంతా విని ఒక్కటే అడిగాడు. "మీ ఆయన ఎక్కువసేపు మాట్లాడగలడా అమ్మా?"

"ఎనిమిది నెలలుగా మంచంలో ఉన్నాడయ్యా. ఆయనకు మిగిలింది ఆ నోరొక్కటే."

"చాలు. రేపు మంచంతో సహా తీసుకురండి."

మర్నాడు నలుగురు మేస్త్రీలు నులకమంచం మోసుకొచ్చి సభ మధ్యలో దించారు. చెంగల్రాయుడు నవ్వాడు. నిలబడలేనివాడి ఫిర్యాదు చెల్లదని, తన శాసనం తనే గుర్తుచేశాడు.

దోనప్ప తమలపాకుకు సున్నం రాస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నిలబడాలని తమరు రాయలేదు. ఒక పాదం ఎత్తమన్నారు. ఈయన రెండూ ఎత్తాడు."

రాజు సింహాసనం మీంచి వంగి మంచం కిందికి చూశాడు. రెండు పాదాలూ నేలకు జానెడు పైనే ఉన్నాయి. ఫిర్యాదు చెల్లుతుందన్నాడు. తర్వాత చెంగల్రాయుడి వైపు తిరిగి, "మీరు పాదం ఎత్తండి" అన్నాడు.

కాశన్న మొదలుపెట్టాడు. తాపీ పట్టడం తండ్రి దగ్గర ఎలా నేర్చుకున్నాడో చెప్పాడు. సున్నం ఎన్నాళ్ళు నానాలో చెప్పాడు. బురుజుకు రాయి ఏ కొండ నుంచి వచ్చిందో, ఆ కొండ దారిలో ఎడ్లు ఎక్కడెక్కడ నీళ్ళు తాగాయో చెప్పాడు. అతనికి తొందర లేదు. ఎనిమిది నెలలుగా ఎవరూ వినలేదు పాపం.

ఎడ్లు మూడో చోట నీళ్ళు తాగేసరికి చెంగల్రాయుడి మోకాలు వణికింది. చెమటలు పట్టాయి. పట్టుకోవడానికి ఏదైనా ఆధారం ఇప్పించమని రాజును వేడుకున్నాడు.

"పాపం, ఇవ్వాలి ప్రభూ" అన్నాడు దోనప్ప. బురుజు దగ్గర పరంజాకు ఇంకా కట్టి ఉన్న మోకుల్లోంచి ఒకటి పొద్దున్నే విప్పించి తెచ్చాడట. దాన్ని చెంగల్రాయుడి తలపైనున్న దూలానికి వేయించి, కొస అతని చేతికి అందించాడు. మోకు నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

"గట్టిగా పట్టుకుని మొత్తం బరువు దాని మీదే వేయండి. తమరు కొనిపించిన కొత్త మోకే."

చెంగల్రాయుడు ఆ కొస చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"అది వద్దు. పైకి నూనె రాశారు గానీ లోపలంతా చివికిపోయింది. తెగుతుంది."

దోనప్ప తాంబూలం చుట్టడం పూర్తిచేసి రాజుగారికి అందించాడు.

"ప్రభూ, ఈ ఒక్క మాట ఆ రోజు కాశన్నకు చెప్పి ఉంటే ఇవాళ మన భోజనానికి ఆలస్యమయ్యేది కాదు."

రాజుకు ముందు సిగ్గేసింది, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంతోనే కాశన్నకు తిండి, వైద్యుడు, సేవకుడు అన్నీ ఆ క్షణం నుంచే రాసిచ్చాడు. ఆ ఖర్చంతా చెంగల్రాయుడి ఇంటి నుంచే రావాలన్నాడు. ఈ ఫిర్యాదు ముగియగానే శాసనం చింపెయ్యమన్నాడు. కంకణం చెంగల్రాయుడి చేతి నుంచి దోనప్ప చేతికి మారింది. ముత్యాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తీర్పు అయిపోయింది గనుక చెంగల్రాయుడు కాలు దించబోయాడు. మంచం మీంచి కాశన్న వినయంగా దగ్గాడు.

"ప్రభూ, నేనింకా పరంజా ఎక్కనే లేదు."

గజపాలుడు పడీపడీ నవ్వాడు. సభంతా నవ్వింది. ఆయన తన భోజనం అక్కడికే తెప్పించుకుని, చెంగల్రాయుడి పాదం వైపు ఒకసారి చూసి, "చెప్పు కాశన్నా, ఎడ్ల దగ్గర ఆపావు" అన్నాడు.