పెంచలయ్య వేసిన కంప

మా గురువుగారు రామదాసయ్యకు తెలియని శాస్త్రం భూలోకంలో లేదు. తన కళ్లజోడు ఎక్కడ పెట్టారో మాత్రం రోజూ మేమే చెప్పాలి.

ఒక సాయంత్రం చెంచురామయ్య అనే శిష్యుడు ముఖం ముడుచుకొని వచ్చి కూర్చున్నాడు. వ్యాపారం దెబ్బతిన్న స్నేహితుణ్ణి ఓదార్చబోతే ఆ మనిషి తలుపే తీయలేదట. "కష్టంలో ఉన్నవాడు మనల్ని గడప తొక్కనివ్వకపోతే, అది అహంకారం కాదా స్వామీ?" అన్నాడు.

గురువుగారు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పక్క ఊరి పెంచలయ్య సంగతి ఎత్తుకున్నారు.

పెంచలయ్యది బిందెలతో నీళ్లు మోసి పెంచిన నిమ్మతోట. ఒక వానాకాలం ఆకుల మీదా కాయల మీదా గరుకు మచ్చలు లేచాయి. గజ్జి తెగులు. కంటికి కనబడని సూక్ష్మజీవి అది; తడి చేతినీ, కొమ్మలు కత్తిరించే కత్తెరనూ, ఆఖరికి చొక్కా జేబునూ వాహనం చేసుకొని ఊరేగుతుంది. మా వైపు తోటకు జబ్బు చేస్తే ఇంట్లో మనిషికి చేసినట్టే జనం పరామర్శకు వస్తారు. వచ్చినవాడు ఊరికే ఉండడు. ఓ ఆకు తుంచి, బొటనవేలితో రుద్ది, "అయ్యో" అని, దాన్ని జేబులో వేసుకొని, టీ కొట్టులో నలుగురికీ చూపించి, అట్నుంచటే తన తోటలోకి పోతాడు. జాలి నిజమైనదే. ఆకూ నిజమైనదే.

పెంచలయ్య తన తోట దారికి అడ్డంగా తుమ్మకంప వేసి, కర్ర పట్టుకొని కూర్చున్నాడు. మొదట వచ్చినవాడు బామ్మర్ది మస్తానయ్య. కాలువ అవతల అతనిదీ నిమ్మతోటే. ఉన్నదంతా దాని మీదే పెట్టాడు, తొలికాపు ఇంకా చూడలేదు.

"ఏంది బావా, నాక్కూడా కంపేనా?"

"నీకే ముందు. ఆడ నిలబడే పరామర్శించు."

"ఇంత దూరం నుంచి ఏడిస్తే నీకు వినబడొద్దా?"

"ఏడ్చావనే అనుకుంటాలే. ఇంటికి పో."

మస్తానయ్య పోయాడు, పోయి, అక్కను పలకరించడం కూడా మానేశాడు. తెగులు అంటుకుంటుందని పెంచలయ్య అందరికీ చెప్పి చూశాడు. "చూసినంత మాత్రానికే అంటుకుంటుందా" అని నవ్వి, పొగరన్నారు. కూలీలను పిలిస్తే రేపు వాళ్లు ఇంకో తోటకు పోతారని, మొగుడూ పెళ్లామే జబ్బు చెట్లను నరికి అక్కడికక్కడే కాల్చారు. పొగ ఊరి మీదికి వచ్చిందని దానికీ తిట్లు తిన్నారు.

మరుసటి ఏడు, వెనక దారిన దూరి ఆకు తుంచుకుపోయినవాళ్ల తోటల్లో మచ్చలు కనబడ్డాయి. మస్తానయ్య చెట్లకు నున్నటి కాయలు దిగాయి. తొలి బుట్ట నెత్తిన పెట్టుకొని వచ్చి, అతను కంప ఇవతలే నిలబడ్డాడు. "బావా, నువ్వే రా. నేను లోపలికి రానులే."

చెంచురామయ్య అడిగాడు, "సొంత బావ మనసు మస్తానయ్యకు అన్నాళ్లూ ఎట్లా తెలియలేదు స్వామీ?"

"అతను నయం నాయనా, కంప దగ్గరైనా ఆగాడు," అన్నారు గురువుగారు. "గురువును కదా, నన్నెవరు ఆపుతారని నేను వెనక దారిన దూరాను. అప్పట్లో మన పెరట్లోనూ ఓ నిమ్మచెట్టు ఉండేది."