పట్టాభి గారి మీడియం సైజు

తణుకు బస్టాండు రోడ్డులో పట్టాభి అనే పెద్దమనిషి ఉండేవాడు. ఎవరినైనా ఏదైనా అడిగితే తన పరువు ఓ అంగుళం తగ్గిపోతుందని ఆయన గట్టి నమ్మకం.

దారి తప్పినా దారి అడిగేవాడు కాదు. ఒకసారి పాలకొల్లు బయల్దేరి ఏలూరులో తేలాడు. "అసలు నాకు ఏలూరులోనే పని ఉంది" అని ఇంటికొచ్చి చెప్పాడు.

ఆయనకో కుట్టుకొట్టు ఉండేది. బోర్డు మీద 'పట్టాభి లేడీస్ టైలర్స్' అని మూరెడు అక్షరాలు. పట్టాభి తన జన్మలో సూదిలోకి దారం ఎక్కించి ఎరగడు. మెడలో టేపు వేసుకుని ముందు బల్ల దగ్గర కూర్చోవడం ఆయన పని. వెనక గదిలో కత్తిరించి, కుట్టి, హుక్కులు వేసి, ఇస్త్రీ చెయ్యడం ఆయన భార్య వీరవేణి, ఆమె దగ్గర పనిచేసే కాంతం, మార్తమ్మల పని. దీన్నంతటినీ ఆయన "మేం కుడతాం" అనేవాడు.

ఆ ఏడు రోడ్డు వెడల్పు చేస్తామంటూ మున్సిపాలిటీ వాళ్లొచ్చి కొట్టు గోడ మీద ఎర్రరంగు గీత గీసి వెళ్లారు. మూడు నెలల్లో ఖాళీ చెయ్యాలి. ఇంటి వెనక వరండాలో మిషన్లు వేసుకోవచ్చు. కానీ ఆ సందులోకి వెతుక్కుంటూ ఎవరొస్తారు? గిరాకీ పోతే వీరవేణి పదిహేనేళ్లుగా నిలబెట్టిన పని పోతుంది. కాంతం, మార్తమ్మల తిండి పోతుంది.

వీరవేణి నాలుగు రోజులు ఆలోచించింది. ఈ ఊరి నుంచి పెళ్లిళ్లయి వెళ్లిన ఆడపిల్లలు హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ ఇప్పటికీ తెలిసినవాళ్ల చేత జాకెట్టు ముక్కలు పంపుతూనే ఉన్నారు.

"ఏమండీ, మనం ఒక వెబ్‌సైటు పెడితే? ఎక్కడున్నవాళ్లు అక్కడి నుంచే పంపుకుంటారు."

"ఆ మాట నేనే అందామనుకుంటున్నాను," అన్నాడు పట్టాభి. "నువ్వు మిషను చూసుకో. అది నేను చూసుకుంటాను."

జెరాక్సు షాపు మీది గదిలో హసీనా అనే అమ్మాయి వెబ్‌సైట్లు తయారుచేసేది. పట్టాభి వెళ్లి కూర్చోగానే ఆమె కంప్యూటరు పక్కకి జరిపి తెల్లకాగితం, పెన్సిలు తీసింది.

"ఏంటమ్మాయ్, కంప్యూటరు చెడిపోయిందా?"

"లేదండీ. ఇల్లు కట్టేముందు ముగ్గు పోస్తారు కదా, ఇదీ అంతే. ముందు కాగితం మీద గీసుకుందాం. మీ సైటుకి ఎవరొస్తారు?"

"లోకమంతా."

"లోకమంతా జాకెట్టు వేసుకోదు కదండీ."

పట్టాభికి ఆ మాట రుచించలేదు. హసీనా మాత్రం ఆగలేదు. "వచ్చినావిడకి ముందు ఏం తెలియాలి? తెలిశాక ఆవిడ ఏం చెయ్యాలి? ఈ రెండూ తేలితే మిగతాదంతా తేలికండీ. ఒకసారి మీ ఆవిడ్ని తీసుకురండి. కుట్టేది ఆవిడే కదా, ఎవరేం అడుగుతారో ఆవిడకి తెలుస్తుంది."

"ఆవిడకి కుట్టడం తెలుసు. వ్యాపారం నాకు తెలుసు. రాసుకో."

హసీనా రాసుకుంది. సైటు తెరవగానే సన్నాయి మోగాలి. సూర్యుడు పైకి రావాలి. సూర్యుడితో పాటు కోటు వేసుకున్న పట్టాభి కూడా పైకి రావాలి. తర్వాత ఆయన సందేశం, నాలుగు పేరాలు. ఆ తర్వాత వాళ్ల తాతగారు. ఆ తర్వాత వాకర్స్ క్లబ్బు వాళ్లు పట్టాభికి శాలువా కప్పిన దృశ్యం. చూసేవాళ్లకి ఇంకా ఓపిక మిగిలుంటే, చివర్న ఆర్డరు.

"జాకెట్ల ఫోటోలు?"

"ఆడవాళ్ల జాకెట్లు నెట్లో పెడతామా? మాది పద్ధతి గల కుటుంబం."

"ఫోన్ నంబరు మీ ఆవిడదేనా?"

"ఆడదాని నంబరు నెట్లోనా? నాది వెయ్యి."

"మరి కొలతలు?"

"స్మాలు, మీడియం, లార్జి. నా చొక్కాలు నేను అలాగే కదా కొనుక్కునేది."

హసీనా పెన్సిలు కింద పెట్టింది. "జాకెట్టు అలా కుదరదండీ. మీ ఇంట్లో ఎవరినైనా అడిగి చూడండి."

"ఆడవాళ్లని అడిగి ఆడవాళ్లకి కుట్టే ఖర్మ మాకింకా పట్టలేదు," అన్నాడు పట్టాభి.

హసీనా మళ్లీ పెన్సిలు తీసుకుంది. కాగితం అడుగున 'అంతా వారు చెప్పినట్టే' అని రాసి, దాని కింద ఆయన చేత సంతకం పెట్టించుకుంది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. కంప్యూటరుకి రిబ్బను కట్టి వార్డు కౌన్సిలరు చేత కత్తిరించారు. సన్నాయి మోగింది. సూర్యుడు సగం దూరం వచ్చి ఆగిపోయాడు. పట్టాభి తల వచ్చింది కానీ, కోటు రావడానికి మరో రెండు నిమిషాలు పట్టింది. వచ్చినవాళ్లు మిఠాయి తిని చప్పట్లు కొట్టారు.

మొదటి వారంలో సైటుని నాలుగు వందలసార్లు చూశారని తేలింది. అందులో మూడు వందల ఎనభైసార్లు చూసింది పట్టాభే. ఆర్డరు ఒక్కటీ రాలేదు. ఫోన్లు మాత్రం వచ్చేవి. ఆయన "హలో, పట్టాభి స్పీకింగ్" అనగానే అవతల కాసేపు గాజుల చప్పుడు వినిపించి లైను తెగిపోయేది.

"అన్నీ రాంగు నంబర్లు," అనేవాడు.

ఒకావిడ మాత్రం పెట్టెయ్యకుండా, "ఇంట్లో ఆడవాళ్లెవరూ లేరా అండీ?" అని అడిగింది.

"ఉన్నారమ్మా, పనిలో ఉన్నారు. సైజు నాకు చెప్పండి."

"మీకా!" అని ఆవిడ కూడా పెట్టేసింది.

వెనక గదిలో కాంతం, "చంక కింద పట్టేస్తోందని పట్టాభి గారికి ఎవరు చెప్తారే?" అంది మార్తమ్మతో. వీరవేణి నవ్వాపుకోలేక దారం తెంపేసింది. నవ్వాక గోడ మీది గీత వైపు చూసింది. ఇంకా రెండు నెలలే ఉన్నాయి.

చివరికి ఒక ఆర్డరొచ్చింది. వైజాగులో సుదర్శనరావు అనే లెక్చరరు తన కూతురి పెళ్లికి ఆరు పట్టు జాకెట్లు కావాలన్నాడు. పెళ్లికూతురికి రెండు, ఆమె తల్లికొకటి, మేనత్తలిద్దరికీ, అమ్మమ్మకీ తలా ఒకటి. ఆ నాలుగు పేరాల సందేశాన్ని ఆసాంతం చదివినవాడు లోకంలో ఆయనొక్కడే. ముచ్చటపడి ఫోను చేశాడు.

"సైజులేమిటండీ?" అన్నాడు పట్టాభి.

"మావాళ్లంతా మీడియమేనండీ. మరీ సన్నమూ కాదు, మరీ లావూ కాదు."

ఇంట్లో ఒకసారి కనుక్కోండి అని పట్టాభి అనలేదు. కనుక్కుని చెప్తానని ఆయనా అనలేదు.

"ఆడవాళ్లని కదిపితే ఏదీ తెమలదండీ," అన్నాడు సుదర్శనరావు.

"ఎంత బాగా చెప్పారు!" అన్నాడు పట్టాభి.

ఇద్దరు మగవాళ్లు కలిసి అయిదుగురు ఆడవాళ్లని ఒక్క సైజులో కుక్కేసి, తృప్తిగా ఫోన్లు పెట్టేశారు.

నాలుగో రోజున ఆరు పట్టు ముక్కలతో పార్సిలొచ్చింది. వీరవేణి సంచీ బోర్లించి దులిపింది.

"ఆది జాకెట్లేవండీ?"

కుట్టించుకునే ఆడవాళ్లలో తన కొలతలు అంకెల్లో చెప్పగలిగినావిడ నూటికొకరు ఉంటే గొప్ప. తనకి సరిగ్గా పట్టే పాత జాకెట్టొకటి తెచ్చి దర్జీకిస్తుంది. అదే ఆది జాకెట్టు. "దీనికన్నా వేలెడు వదులు పెట్టు, మెడ కాస్త పైకి ఉంచు" అంటుంది. దాన్ని బట్టి కొత్తది కుడతారు. పదిహేనేళ్లుగా పట్టాభి కళ్ల ముందు వేల ఆది జాకెట్లు చేతులు మారాయి. ఆయన వాటిని పాతబట్టలనుకున్నాడు.

"అదంతా పాతకాలం. ఇది ఆన్‌లైను. అన్నీ మీడియం," అన్నాడు.

"ఎవరికి మీడియమండీ? అమ్మమ్మకీ మనవరాలికీ ఒకటేనా?"

"కస్టమరుని విసిగించకూడదు. కత్తిరించు."

"పెళ్లి పట్టు ఇది. కత్తెర పడ్డాక మళ్లీ కలవదు. ఒక్క ఫోను చేసి అడగండి."

"అడగను."

"అయితే నేను కత్తెర పెట్టను," అంది వీరవేణి.

పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆమె ఆయనకి కాదని చెప్పడం అదే మొదలు. మార్తమ్మ మిషన్ల మీద గుడ్డలు కప్పేసింది. కాంతం కత్తెరలన్నీ చేతిసంచిలో వేసుకుంది. ముగ్గురూ భోజనాలకి వెళ్లిపోయారు.

పట్టాభి ఒక్కడే మిగిలాడు. సొరుగులో రిబ్బను కత్తిరించిన కత్తెర దొరికింది. పెళ్లికూతురి ఎర్రపట్టు ముక్క బల్ల మీద పరిచాడు. ఇంతకీ మీడియం అంటే ఎంత? అడుగుదామంటే అక్కడ తను తప్ప ఎవరూ లేరు. తనని తాను అడగడానికి కూడా ఆయనకి నామోషీగానే ఉంది. అప్పుడొక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. తన చొక్కా కాలరు లోపల 'ఎం' అని అచ్చేసి ఉంది కదా! వెంటనే చొక్కా విప్పి పట్టు మీద పరిచి, చుట్టూ సుద్దముక్కతో గీశాడు. ఆది జాకెట్టు పాతకాలమన్నవాడు తన చొక్కానే ఆదిగా పెట్టుకున్నానని గ్రహించలేదు.

వీపు వచ్చింది. ముందు భాగం సగమే వచ్చింది. చేతుల దగ్గరికి వచ్చేసరికి గుడ్డ చాలలేదు. బనీనుతోనే నిలబడి వైజాగుకి ఫోను చేశాడు.

"ముక్క తక్కువ పంపారండీ."

"అయితే ఆ బట్టలకొట్టువాడు మమ్మల్ని మోసం చేశాడన్నమాట!" అన్నాడు సుదర్శనరావు.

"రోజులలా ఉన్నాయండీ," అన్నాడు పట్టాభి.

ఈ మాటలు సుదర్శనరావు భార్య మణికుమారి చెవిన పడ్డాయి. ఆ ముక్కలు దగ్గరుండి కొలిపించి కొన్నది ఆవిడే. మీటరుకి వేలెడు ఎక్కువే ఉన్నాయని ఆవిడకి తెలుసు. మొగుడితో వాదన పెట్టుకోలేదు. ఇంట్లో ఆడవాళ్లందరి దగ్గరా ఆది జాకెట్లు అడిగి తీసుకుని, పెళ్లికూతురి చీరతో పాటు సంచిలో వేసుకుంది. మర్నాడు రైలెక్కి తణుకులో దిగింది.

అప్పటికే వీరవేణి మిగతా అయిదు ముక్కలూ బీరువాలో పెట్టి తాళంచెవి బొడ్లో దోపుకుంది.

"ఇక్కడ కుట్టేదెవరు?" అంది మణికుమారి లోపలికొస్తూనే.

"నేనేనండీ," అన్నాడు పట్టాభి అలవాటు కొద్దీ.

"అయితే ఇది కోసింది కూడా మీరేనా?"

పట్టాభి మెడలో టేపు సర్దుకున్నాడు. మార్తమ్మ తల ఎత్తి ఫ్యాను చూసింది. మణికుమారి ఎర్రపట్టుని వెలుతురుకి ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏమిటిది? మా అల్లుడికా?"

కాంతం పక్కున నవ్వింది. మణికుమారికి నవ్వు రాలేదు. "పన్నెండు రోజుల్లో ముహూర్తం. ఈ చీర కోసం మా పిల్ల నాలుగు ఊళ్లు తిరిగింది. దీనికి జోడు ముక్క ఇంకెక్కడా దొరకదు. మీ సైటులో సూర్యుడున్నాడు, మీ తాతగారున్నారు. ఆడమనిషి గొంతు ఒక్కటి లేదు. ఈవిడ నంబరెందుకు పెట్టలేదు?"

"ఆడవాళ్ల నంబరు నలుగురిలో పెట్టడం బాగోదని..."

"ఓహో. నంబరు పెడితే బాగోదు. రొమ్ము కొలత మీకు ఫోన్లో చెప్తే బాగుంటుందా?"

పట్టాభి మెడలోంచి టేపు తీసి బల్ల మీద పెట్టాడు.

వీరవేణి ఎర్రముక్క మీద పెళ్లికూతురి ఆది జాకెట్టు పరిచి చాలాసేపు చూసింది. "పిల్ల సన్నమమ్మా, అది మన అదృష్టం. ఈ వీపు ముక్క ఇంత పొడుగుంది, అడ్డంగా కోస్తే వెనకా ముందూ రెండూ వస్తాయి. చేతులకి మిగిలినవి అతకాలి. అతుకు మీద, చీర లోపల దోపుకునే కొస అంచులోంచి పట్టీ వేస్తాను. కనపడదు."

"కనపడితే?"

"కనపడితే మళ్లీ కత్తెర ముట్టను."

రెండు రోజులు ముగ్గురూ దాని మీదే కూర్చున్నారు. మణికుమారి కూడా ఓ స్టూలు లాక్కుని హుక్కులు కుట్టింది. ఆ మాటా ఈ మాటా చెప్పుకుంటూనే మిగతా జాకెట్లకీ అమ్మమ్మ భుజం ఎంత వాలిందో, మేనత్తకి మెడ ఎంత పైకుండాలో అన్నీ తేలిపోయాయి. ఆవిడ ఇంటికి చేరిన సాయంత్రం వీరవేణికి ఫోనొచ్చింది. "మా పిల్ల వేసుకుని అద్దం ముందు తిరిగి తిరిగి చూసుకుందమ్మాయ్. 'అమ్మా, అతుకెక్కడే?' అంటోంది."

వీరవేణి కళ్లు తుడుచుకుంది. తర్వాత కాంతాన్నీ మార్తమ్మనీ వెంటబెట్టుకుని హసీనా గది మెట్లెక్కింది. హసీనా కొత్త కాగితం తీసింది.

"ఎవరొస్తారక్కా?"

"ఊరికి దూరంగా ఉన్నవాళ్లు. ఉన్నచోట దర్జీ కుదరక విసిగిపోయినవాళ్లు."

"వాళ్లకి ముందు ఏం తెలియాలి?"

"ఆది జాకెట్టు ఎక్కడికి పంపాలి, ఎన్నాళ్లకి వస్తుంది, తేడా వస్తే విప్పి కుడతామా లేదా."

"అక్షరాలు పెద్దవి పెట్టమ్మా," అంది మార్తమ్మ. "నాలాంటిది కళ్లజోడు వెతుక్కోకుండా చదవాలి."

"ఫోను మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు అని రాయి," అంది కాంతం. "ఇంట్లో అందరికీ వడ్డించి, ఆడది నోరు విప్పేది ఆ రెండు గంటలే."

కొత్త సైటులో సన్నాయి ఆగిపోయింది, సూర్యుడు అస్తమించాడు. వేలు తగలగానే కుట్టిన జాకెట్ల ఫోటోలు, వాటి కిందే 'మీ ఆది జాకెట్టు పంపండి' అనే మాట, పక్కన వీరవేణి నంబరు. పైన పేరు 'వీరవేణి కుట్టు'.

"మరి నా ఫోటో?" అన్నాడు పట్టాభి.

"ఒక జాకెట్టు కుట్టి చూపించండి, పెడదాం," అంది వీరవేణి.

గోడ పడగొట్టేనాటికి వరండాలో నాలుగో మిషను కూడా వచ్చింది. మధ్యాహ్నం రెండయితే వీరవేణి ఫోను ఊరుకోదు. పార్సిళ్లు కట్టే పని పట్టాభికి అప్పజెప్పారు. ఒకరోజు రెండు ఆది జాకెట్లకి గుచ్చిన చీటీలు ఊడి కిందపడ్డాయి. ఏది ఎవరిదో ఆయనకి తెలియలేదు. ఏదో ఒకటి గుచ్చేద్దామని చెయ్యి వెళ్లింది. ఎర్రపట్టు గుర్తొచ్చి ఆగింది. నోరు తెరిచాడు, మూశాడు. ఆఖరికి గుమ్మం దాకా వచ్చాడు.

"వేణీ... ఇది ఎవరిదో కాస్త చెప్తావా?"

మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

"ఇంకోసారి అనండి పట్టాభి గారూ," అంది కాంతం. "మిషను చప్పుడులో సరిగ్గా వినపడలేదు."

ఆయన ఇంకోసారి అన్నాడు. పరువు ఓ అంగుళమైనా తగ్గలేదు.

ఇందులో నీతి ఏమిటంటే, కొట్టు వీధిలో పెట్టినా ఇంటర్నెట్లో పెట్టినా కొనేవాళ్లనీ కుట్టేవాళ్లనీ అడిగి పెట్టాలి. అడగడం నామోషీ అనుకునే మగవాడు చేసిన చిరుగుకి కూడా అతుకు వెయ్యాల్సింది చివరికి ఆడవాళ్లే.